పార్టుల చుట్టరికం: గీదంలో పాత యూరప్ కారు నిలుస్తుందా?

జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద, దంతెవాడకు దారి చీలే చోట ఉంది గీదం. జగదల్‌పూర్ అక్కడికి సుమారు 75 కిలోమీటర్లు. అటువైపు బీజాపూర్, భోపాలపట్నం, సిరోంచ దాటుకుంటూ ఇదే రోడ్డు చెన్నూరు, మంచిర్యాల, నిజామాబాదు దాకా పోతుంది. దంతెవాడ వైపు తిరిగితే బచేలి, కిరండూల్, బైలడిలా ఇనుప గనులు. 1968లో ఎన్‌ఎండీసీ కిరండూల్‌లో ఖనిజం తవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడి గని కాలనీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడుతూనే ఉన్నాయి. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద గీదం కూడా ఒక స్టేషను. అటు మంచిర్యాల వైపు బంధువులు, ఇటు విశాఖ వైపు బంధువులు ఉన్న తెలుగువాళ్లకు ఈ కూడలి బాగా తెలిసిన చోటే.

ఇలాంటి ఊళ్లో పాత యూరప్ కారు మీద మనసుపడ్డ మనిషి అడిగే ప్రశ్న ఒకటుంది. పాత ఫియటో, పాత ఆక్టేవియానో, పదేళ్ల పోలోనో కొనుక్కుని, బాగుచేయించుకుంటూ, మెరుగుపరుచుకుంటూ ఇక్కడ నడపగలమా? షోరూమ్ దూరం. మంచి విడిభాగం దూరం. మూడు నాలుగు నెలలు ఆగని వాన, మిగతా కాలమంతా ఎర్రమట్టి దుమ్ము. చాలామంది ఇచ్చే జవాబు, యూరప్ బండి మన దగ్గర బతకదని. ఆ జవాబు సగమే నిజం. బండి ఏ దేశానిది, దాని వయసెంత అన్న లెక్కలతో ఇది తేలదు. ఆ బండి భాగాలకు ఈ దేశంలో ఎంత చుట్టరికం ఉందన్నదే అసలు లెక్క. దాని ఇంజను ఇంకే బండిలో ఉంది, దాని బేరింగు ఇంకే కంపెనీ వాడింది, దాని క్లచ్ ప్లేటు ఏ ఊరి కొట్లో అరమీద దొరుకుతుంది అని వరసలు కలుపుకుంటూ పోవాలి. చుట్టాలున్న బండి అడవిలోనైనా బతుకుతుంది. చుట్టాల్లేని బండి హైదరాబాదు నడిబొడ్డున కూడా రేకుల షెడ్డు పాలవుతుంది.

ఆ మాటకొస్తే బస్తర్ యూరప్ యంత్రాలను ఎప్పటినుంచో మోస్తోంది. టాటాల కంపెనీ టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేసింది. మూతి మీద బెంజ్ నక్షత్రం ఉన్న ఆ లారీల మీదే మన దేశంలో ఒక తరం మెకానిక్కులు పని నేర్చుకున్నారు. సంతలకు జనాన్ని కిక్కిరిసి చేరవేసిన మహీంద్రా జీపుల్లో చాలావాటికి ఉన్నది ఫ్రాన్స్ దేశపు ప్యూజో నుంచి లైసెన్సు మీద తెచ్చిన 2,112 సీసీ డీజిల్ ఇంజను, ఎక్స్‌డీపీ 4.90. బజాజ్ టెంపో ట్రాక్స్‌కు, ట్రావెలర్‌కు పెట్టిన ఓఎం 616 డీజిల్ ఇంజను మెర్సిడెస్ 240డీ కారులోది. జర్మనీలో టాక్సీలుగా తిరిగిన కార్ల ఇంజనే ఇక్కడ అడవి దారుల్లో పదిహేను మందిని ఎక్కించుకుని తిరిగింది. ఆ ఇంజన్లను విప్పి కట్టడం రాని లారీ షెడ్డు ఇటువైపు ఉండదు. అంటే చేతుల్లో పనితనానికి లోటు లేదు. లోటు ఎక్కడుందో ఒక్కో తరం కార్లను చూస్తూ పోతే తెలుస్తుంది.

మొదటి తరం మన అందరికీ తెలిసిందే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌గా మార్చుకుంది. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగేదాకా దాన్ని తయారుచేస్తూనే ఉంది. ఇటలీ ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసింది. 1974 నుంచి దాని పేరు ప్రీమియర్ పద్మిని. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి ట్రయంఫ్ హెరాల్డ్‌ను స్టాండర్డ్ హెరాల్డ్‌గా తెచ్చింది. కోస్తా జిల్లాల్లో డాక్టర్ల ఇళ్ల ముందు, ప్లీడర్ల ఇళ్ల ముందు ఈ మూడింటిలో ఏదో ఒకటి నిలబడి ఉండేది.

గీదం లాంటి చోట ఈ తరమే అన్నిటికన్నా తేలిక. అంబాసిడర్‌లోని 1,489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్. ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు పెట్టిన 1,798 సీసీ ఇంజను ఆ కుటుంబంలోదే. ఎంజీబీ ప్రేమికులు ప్రపంచమంతా ఉండబట్టి గాస్కెట్లు, వాల్వులు, కార్బురేటర్ కిట్లు ఇంగ్లండులో ఇంకా కొత్తవి తయారవుతున్నాయి. హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ పుట్టింది కాబట్టి దానికీ అదే అదృష్టం. 1,089 సీసీ పద్మినికి ఆ అవసరం కూడా రాలేదు. బొంబాయి టాక్సీల పుణ్యమా అని దాని సామాను దేశమంతా కొట్లలో పేరుకుపోయి ఉండేది. 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీ కాలం తీరింది. అప్పటి నుంచి ఆ నిలవ తరుగుతోంది. పద్మిని ఉన్నవాళ్లు వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, కింగ్ పిన్ సెట్టు, వీల్ సిలిండర్లు ఇప్పుడే ఒక జత కొని దాచుకోవాలి.

ఈ బండ్లలో కంప్యూటర్ లేదు. బోర్ అరిగితే లేత్ మిషన్ మీద బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయవచ్చు. ఇత్తడి రేడియేటర్ కారితే కోర్ మార్పించవచ్చు. బ్రేకు షూలకు కొత్త లైనింగ్ అంటించవచ్చు. ఈ పనులకు జగదల్‌పూర్ దాటనక్కరలేదు. ఈ బండ్లను చంపేది ఇంజను అనుకుంటే పొరపాటు. నేల రేకు తుప్పు, ముందు అద్దం, తలుపుల రబ్బరు బీడింగులు, హెడ్‌లైట్ రిమ్ములు వీటిని చంపుతాయి. ఏటా 1,400 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే నేల ఇది. బీడింగు చీలిన తలుపులోంచి నీళ్లు దిగి, మ్యాట్ కింద నిలిచి, ఒక్క వానాకాలంలో నేల రేకును తినేస్తాయి. కొనేముందు ఇంజను శబ్దం వినే మనిషి, మ్యాట్ ఎత్తి రేకు మీద స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడడం మరిచిపోతాడు. ముందు చేయాల్సింది ఆ పని.

రెండో తరం గురించి ఎక్కువ చెప్పడానికి మనసు రాదు. ఇవి అనాథ బండ్లు. 1990లలో తలుపులు తెరవగానే యూరప్ కంపెనీలు ఆత్రంగా వచ్చాయి, అంతే తొందరగా వెళ్లిపోయాయి. సిపానీ తెచ్చిన రోవర్ మాంటెగో, కల్యాణ్‌లో తయారైన ప్యూజో 309, జనరల్ మోటార్స్ గుజరాత్‌లో చేసిన ఓపెల్ ఆస్ట్రా, ఆ తర్వాత కోర్సా. నడపడానికి ఇవి అద్భుతమైన బండ్లే. 309 సస్పెన్షన్ మన గతుకుల మీద ఎంత హుందాగా సాగేదో ఒకసారి నడిపినవాళ్లు మరిచిపోరు. అయితే ప్యూజో కొన్నేళ్లకే దుకాణం మూసింది, ఓపెల్ పేరు 2006లో తీసేశారు, జనరల్ మోటార్సే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ప్యూజో టీయూడీ5 డీజిల్ ఇంజనుకు మాత్రం కొంత చుట్టరికం మిగిలింది, మారుతి దాన్నే జెన్ డీజిల్‌లో, ఎస్టీమ్ డీజిల్‌లో పెట్టింది కాబట్టి. ఇంజను దొరికినా బంపరు, టెయిల్ లైటు, స్టీరింగ్ రాక్ దొరకవు. హైదరాబాదు రాణిగంజ్, పుత్లీబౌలీ కొట్లు, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ అన్నీ గాలించే ఓపిక, రెండో బండిని సామాను కోసమే కొని పెట్టుకునే చోటు ఉన్నవాళ్లకే ఈ తరం. గీదంలో ఉన్న ఒకే ఒక్క కారుగా దీన్ని పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

చుట్టరికం అంటే ఏమిటో పూర్తిగా చూపించేది ఫియట్ కథ. 2003లో ఇటలీలో వచ్చిన 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజను 2007లో మారుతి స్విఫ్ట్‌లోకి చేరింది. అక్కడి నుంచి డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజాలకు పాకింది. టాటా దాన్ని క్వాడ్రాజెట్ పేరుతో ఇండికా విస్టాలో పెట్టింది. ఫియట్ 2009లో తన లీనియాలో, గ్రాండ్ పుంటోలో పెట్టుకుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధన వచ్చేదాకా దేశంలో ఎక్కడ చూసినా ఇదే ఇంజను. ఫియట్ కార్ల అమ్మకం ఆగిపోయి ఏళ్లు గడిచినా, ఏ చిన్న ఊరి మెకానిక్కయినా స్విఫ్ట్ డీజిల్ ఇంజను విప్పాడంటే పుంటో ఇంజను విప్పినట్టే. టైమింగ్ చైన్, పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్, వాటర్ పంపు, ఇంజెక్టర్ల మరమ్మతు అన్నీ తెలిసిన పనులే.

అందుకే నా లెక్కలో గీదంలో కొనదగ్గ యూరప్ డీజిల్ కారు పుంటోనే. పుంటో స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్. చేతికి రోడ్డు తెలుస్తుంది. రేకు బరువైనది, సస్పెన్షన్ గట్టిది. దంతెవాడ దాటి బచేలి వైపు వంపుల్లో పడ్డాక దాని విలువ తెలుస్తుంది. అయితే చుట్టరికం ఇంజను దగ్గరే ఆగుతుంది. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, వైరింగ్, డీజిల్ ఫిల్టర్ హౌసింగ్, ఇంజను మౌంట్లు ఫియట్‌వి ఫియట్‌వే. స్విఫ్ట్ సామాను అలాగే తెచ్చి బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకూడదు. ముందు లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్ రాక్, తలుపు తాళాల మోటార్లు, ఏసీ కంట్రోల్ మాడ్యూల్ ఈ బండికి బలహీనతలు. 90 హార్స్‌పవర్ రకంలో ఉన్న వేరియబుల్ టర్బో ఊళ్లోనే తిరిగితే మసి పట్టి బిగుసుకుంటుంది. వారానికి ఒకసారి జగదల్‌పూర్ దాకా మంచి వేగంతో నడిపే బండికి ఆ జబ్బు తక్కువ.

2001లో వచ్చిన ఫియట్ పాలియో గురించి ఒక మాట. 1.6 పెట్రోలు పాలియో మన దేశంలో సామాన్యుడికి అందిన మంచి డ్రైవింగ్ కార్లలో ఒకటి. సచిన్ తెండూల్కర్ పేరుతో ఎస్10 రకం కూడా తెచ్చారు. పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరే దాన్ని ముంచింది. నిండు ప్రాణంతో ఉన్న 1.6 పాలియో ఎక్కడైనా కనిపిస్తే వదలకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

తర్వాతది ఫోక్స్‌వ్యాగన్ కుటుంబం. యువకుల మోజు ఇప్పుడు ఎక్కువగా వీటి మీదే. పుణె దగ్గర చాకన్‌లో 2022 దాకా తయారైన పోలో, వెంటో, వాటి వరసలోనే వచ్చిన స్కోడా ర్యాపిడ్ అన్నీ ఒకే తల్లి బిడ్డలు. అందుకే పోలో సామానుకు కొరత లేదు. పాతవాటిలో స్కోడా ఆక్టేవియాది ప్రత్యేక స్థానం. 1.9 టీడీఐ ఇంజను సరిగా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. దానికి టైమింగ్ బెల్టు ఉంది, చైన్ లేదు. బెల్టుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా ఉంటుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేని ఆక్టేవియాను కొన్న మొదటి వారమే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది.

ఇక్కడ ఒక నూనె సంగతి చెప్పి తీరాలి. 2005 నుంచి వచ్చిన స్కోడా లారాలోని 1.9 డీజిల్ పంప్ డ్యూజ్ పద్ధతిది. ప్రతి సిలిండర్‌కూ విడి పంపు ఉంటుంది, దాన్ని క్యామ్‌షాఫ్టే నొక్కుతుంది. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి ఫోక్స్‌వ్యాగన్ 505.01 అన్న ప్రమాణం ఉన్న నూనె కావాలి. లారీ షెడ్డులో డబ్బా విప్పి ఉన్న 15డబ్ల్యూ–40 నూనె ఎంత మంచిదైనా దీనికి పనికిరాదు. అది పోస్తూ పోతే క్యామ్ లోబులు అరుగుతాయి. మెకానిక్కు ఏ మోసమూ చేయలేదు. తనకు తెలిసిన మంచి నూనే పోశాడు. యూరప్ బండి మన దగ్గర చెడిపోవడానికి ఇలాంటి మంచి ఉద్దేశమే ఎక్కువసార్లు కారణం. కూలెంట్ సంగతీ అంతే. గులాబీ రంగు జీ12 కూలెంట్ తగ్గితే ఆకుపచ్చది కలపడం, అదీ లేకపోతే బోరు నీళ్లు పోయడం మామూలు. రెండు రకాలు కలిస్తే లోపల జిగురులా పేరుకుని హీటర్ కోర్, రేడియేటర్ సందులు మూసుకుపోతాయి. అవసరానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బా డిక్కీలో ఉంచుకుంటే వేల రూపాయలు మిగులుతాయి.

ఈ కుటుంబపు డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పోలో జీటీ టీఎస్‌ఐలో పెట్టిన ఏడు గేర్ల డీక్యూ200లో క్లచ్‌లు పొడివి. వేడికి, ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదలడానికి వాటికి పడదు. లోపలి మెకట్రానిక్ యూనిట్ పోతే ఖర్చు పాత బండి విలువలో పెద్ద భాగమే. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా లక్షల బండ్లను వెనక్కి పిలిచి ఈ గేర్‌బాక్సుల్లో సింథటిక్ నూనె తీసి మినరల్ నూనె పోయించింది. లారాలో వచ్చిన ఆరు గేర్ల డీక్యూ250 నూనెలో మునిగి ఉండేది, దాని ఓర్పు ఎక్కువ. ప్రతి 60,000 కిలోమీటర్లకు నూనె, ఫిల్టరు మార్చాలన్న నియమం పాటించినంత కాలం అది బాగానే ఉంటుంది. ఏదైనా సరే, గీదంలో ఉండే మనిషి మాన్యువల్ గేరే కొనాలి. డీఎస్‌జీ ఆగిపోతే బండిని ట్రక్కు మీద రాయ్‌పూర్‌కో విశాఖకో పంపడం తప్ప దారి లేదు.

ఇక బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీ. పదేళ్ల బీఎండబ్ల్యూ 320డీ కొత్త చిన్న కారు ధరకు వస్తోందని చూసి ఆశపడేవాళ్లున్నారు. ధర పడిపోయింది గానీ సామాను ధర పడలేదు. 2007 తర్వాతి ఎన్47 డీజిల్ ఇంజనులో టైమింగ్ చైన్ గేర్‌బాక్సు వైపు ఉంది. చైన్ శబ్దం చేయడం మొదలైతే దాన్ని మార్చడానికి గేర్‌బాక్సు దించాలి, చాలాసార్లు ఇంజనే దించాలి. ఆ పని ఇక్కడ చేయించుకోవాలనుకోవడం సాహసం. 1995లో పుణెలో మొదలైన మెర్సిడెస్ డబ్ల్యూ124 మాత్రం వేరే జాతి. ఇనుములా కట్టిన కారు, సాదా ఇంజను. దొరికితే, రేకు బాగుంటే, ప్రేమించదగ్గది.

మరి గీదం వాతావరణం ఏ భాగాల మీద దెబ్బ కొడుతుంది? మొదటిది దుమ్ము. ఖనిజం లారీలు తిరిగే రోడ్ల మీద ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు సగం దాకా కూడా రాదు. ఏసీ ఫిల్టరు అంతకన్నా ముందే మూసుకుపోతుంది. రెండోది రబ్బరు. సస్పెన్షన్ బుష్‌లు, సీవీ జాయింట్ బూట్లు, ఇంజను మౌంట్లు అన్నీ ఎండకు, గతుకులకు చీలుతాయి. బూటు చిన్నగా చిరిగినప్పుడే మారిస్తే కొన్ని వందలు, నెల ఆగితే మట్టి చేరి జాయింట్ మొత్తం పోయి వేలు. మూడోది ప్లాస్టిక్. యూరప్ కార్లలో థర్మోస్టాట్ హౌసింగ్, కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌తో చేసినవి. పదేళ్ల వేడికి అవి పెళుసుబారి నడిరోడ్డు మీద పగులుతాయి. కారకముందే మార్చడం తెలివైన పని. నాలుగోది ఎలుకలు. అడవి అంచు ఊళ్లలో వాన మొదలవగానే అవి వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. ఆ తర్వాత వచ్చే వింత సమస్యలకు కంప్యూటరే కారణమనుకుని ఖరీదైన మాడ్యూళ్లు మార్పించుకున్నవాళ్లున్నారు. ముందు వైరింగ్ చూడాలి. 2025 ఆగస్టు చివర్లో బస్తర్‌ను ముంచిన వరదల్లాంటివి వచ్చినప్పుడు నీట మునిగిన కారు ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు. సీట్ల కింద, కార్పెట్ కింద ఉండే మాడ్యూళ్లలో చేరిన తడి నెలల తర్వాత బయటపడుతుంది.

ఘాట్ రోడ్ల మీద బ్రేకు ఫ్లూయిడ్ ప్రాణాల సమస్య. అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని ఫ్లూయిడ్ కోరాపుట్ మీదుగా విశాఖ దిగే వంపుల్లో వేడెక్కి మరిగితే పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చడానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఇప్పుడు మెకానిక్కు సంగతి. గత పదేళ్లలో ఈ ప్రశ్న మొత్తాన్ని మార్చింది చేతిలో పట్టే స్కానర్. ఫోనుకు కలిసే చిన్న ఈఎల్‌ఎం 327 అడాప్టర్‌తో కోడ్‌లు చదువుకోవచ్చు. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబానికి వీసీడీఎస్, ఫియట్‌కు మల్టీఈసీయూస్కాన్ అన్న సాఫ్ట్‌వేర్లు లాప్‌టాప్‌లో పెట్టుకుంటే షోరూమ్‌లో చూసేదానిలో చాలా భాగం మనమే చూడగలం. ఇంజెక్టర్ ఎంత సవరించుకుంటోందో, టర్బో ఒత్తిడి అడిగినంత వస్తోందో లేదో అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకెలను వాట్సాప్‌లో హైదరాబాదులోని తెలిసిన మెకానిక్కుకు పంపి సలహా తీసుకుని, పని గీదంలో చేయించడం సాధ్యమే. ఈ తరం కార్లకు అదే సరైన పద్ధతి. చేతిపని ఇక్కడిది, రోగనిర్ధారణ దూరం నుంచి.

సామాను తెప్పించడంలో నేర్చుకోవాల్సిన విద్య పార్టు నంబరు చదవడం. ఫోక్స్‌వ్యాగన్ నంబరులో మొదటి మూడు అక్షరాలు ఆ భాగం ఏ బండి కోసం పుట్టిందో చెబుతాయి. 6ఆర్0 అంటే పోలో, 038 అంటే 1.9 డీజిల్ ఇంజను. చివరి అక్షరం మెరుగుపరిచిన రూపం ఎన్నోదో చెబుతుంది. నంబరు చేతిలో ఉంటే షోరూమ్ డబ్బా కోసం ఎదురుచూడనక్కరలేదు. అసలు తయారుచేసింది లుక్, సాక్స్, వాలియో, బాష్, మాలే, లెమ్‌ఫర్డర్ లాంటి సంస్థలే. వాటి డబ్బాలో అదే వస్తువు తక్కువకు వస్తుంది. బూడ్‌మో లాంటి చోట్ల నంబరు వేసి వెతకవచ్చు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మనిషి తెలిసి ఉంటే బస్సు పార్శిల్‌లో వస్తుంది. ఒక్క హెచ్చరిక. బ్రేకు ప్యాడ్లు, బాల్ జాయింట్లు, టైమింగ్ బెల్టు విషయంలో డూప్లికేట్ సామాను వద్దు. డబ్బు ఆదా చేయాల్సిన చోట్లు వేరే చాలా ఉన్నాయి.

మెరుగుపరచడం అనగానే యువకులు రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), పెద్ద ఎగ్జాస్ట్, వెడల్పు చక్రాలు అంటారు. గీదంలో మెరుగుదల క్రమం వేరుగా ఉండాలి. మొదట వెలుతురు. పద్మినిలో హెడ్‌లైట్ కరెంటు అంతా స్విచ్ గుండానే పోతుంది, తీగలు సన్నవి. రిలే పెట్టి మందపాటి తీగ వేస్తే అదే బల్బు రెట్టింపు వెలుగిస్తున్నట్టు అనిపిస్తుంది. చీకటి పడ్డాక పశువులు రోడ్డు మీద పడుకునే దారుల్లో ఇంతకన్నా విలువైన మెరుగుదల లేదు. తర్వాత టైర్లు, బ్రేకులు, చల్లదనం. పాత ఫియట్‌కు పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే వానాకాలపు ఉదయం మొదటి సెల్ఫ్‌కే లేస్తుంది. ఆక్టేవియాకు కొత్త షాక్ అబ్జార్బర్లు, కొత్త బుష్‌లు వేస్తే పదిహేనేళ్ల బండి కొత్త బండిలా నడుస్తుంది. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే రీమ్యాప్ గురించి ఆలోచించవచ్చు. డీజిల్ టర్బో ఇంజన్లు రీమ్యాప్‌కు బాగా లొంగుతాయన్నది నిజమే. ఆ అదనపు టార్క్ ముందుగా తినేది పాత క్లచ్‌ను, ఆ తర్వాత టర్బోను. బీమా సంస్థకు చెప్పకుండా చేస్తే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

చట్టం కూడా గట్టిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు పెట్టింది. ఇంజను మార్చాలంటే ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. అంబాసిడర్‌లో వేరే బండి ఇంజను పెట్టి కాగితం మార్చని వాహనాలు అమ్మకానికి వస్తుంటాయి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిచూడనిదే డబ్బు ఇవ్వకూడదు.

నాకు బాధ కలిగించే విషయం, మన నిబంధనలు బండి ఆరోగ్యం కన్నా వయసుకే ఎక్కువ బరువు ఇవ్వడం. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. దిగుమతి కారైతే 80,000. యాభై ఏళ్లు దాటి, రూపం మార్చకుండా ఉన్నవాటికి 2021లో వింటేజ్ నిబంధన తెచ్చి 'వీఏ' అన్న అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చారు. మంచిదే. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. జర్మనీలో ముప్పై ఏళ్లు నిండిన కారు అసలు రూపంలో ఉంటే చరిత్ర గల వాహనంగా గుర్తించి 'హెచ్' నంబరు ఇస్తారు, పన్ను ఒకే స్థిరమైన మొత్తం, రోజూ నడుపుకోవచ్చు. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటితే రోడ్డు పన్నే లేదు. మన దగ్గర ఇరవై అయిదేళ్ల ఆక్టేవియాకు ఏ గౌరవమూ లేదు, ఫీజు మాత్రం పెరుగుతుంది. బ్రేకులు, పొగ, రేకు పరీక్షలు కఠినంగా చేయండి, నెగ్గిన బండిని ఆదరించండి అని అడగడం న్యాయమే.

పెట్రోలు బండ్లకు ఇంకో కొత్త చిక్కు ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలే. పాత ఫియట్, అంబాసిడర్, పాలియోల రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి మెత్తబడి, ఉబ్బి, చీలుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో నెల రోజులు కదలని బండి ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు మొదలవుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యూయల్ హోస్ మీటరు లెక్కన దొరుకుతుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా అన్ని పైపులు, కార్బురేటర్ కిట్టులోని రబ్బరు భాగాలు ఒకేసారి మార్పించాలి. ఇంజను పక్కన పెట్రోలు కారడం మంటకు దారితీస్తుంది కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. వాడని బండిని వారానికోసారి నడపాలి.

గీదంలో ఉండి ఇలాంటి కారు కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాదులోనో విశాఖలోనో బండి చూసుకుంటారు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లు అన్న నిబంధన వల్ల ఢిల్లీ నుంచి బయటికి వచ్చిన బండ్లు కూడా చౌకగా కనిపిస్తాయి. ఢిల్లీ బండి అయితే ఎన్‌వోసీ ఛత్తీస్‌గఢ్ పేరున ఇస్తారా అని ముందే తెలుసుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ పన్నెండు నెలలు మించి ఉంచుకోకూడదు. దంతెవాడ ఆర్టీవోలో సీజీ 18 నంబరుకు మార్పించుకోవాలి, మిగిలిన కాలానికి పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగవచ్చు, దానికి కొత్త ఆర్సీ నకలు కావాలి. తెలంగాణ బండ్ల మీద పెండింగ్ చలాన్లు, పాత బ్యాంకు రుణం ఆర్సీలో ఇంకా నమోదై ఉండడం అన్నవి ఎక్కువగా పని ఆపేస్తాయి. అవి రెండూ తీరి, ఎన్‌వోసీ చేతికి వచ్చి, బండిని లిఫ్ట్ మీద ఎత్తి అడుగు రేకు చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు ఉందా అని అడగడం ఆ రోజే మరిచిపోకూడదు.